బేచిరాగ్ అని మరో పేరు గల ఊరు

పోయిన ఆదివారం తుర్కయాంజాల్‌లో మా ఇంట్లో కూర్చుని, మా బావమరిది కొంటానంటున్న స్థలం గురించి ఇంటర్నెట్‌లో వెతుకుతుంటే ఒక పేజీ తెరుచుకుంది. ఇబ్రహీంపట్నం దగ్గరి ఒక చిన్న ఊరి వివరాలు. మూడే శీర్షికలు: భౌగోళికం, చరిత్ర, జనాభా. మొదటి దాని కింద “ఇది నది ఒడ్డున గల చిన్న గ్రామము” అని ఉంది. రెండో దాని కింద “ఈ గ్రామమునకు బేచిరాగ్ అను మరో పేరు కూడా కలదు” అని ఉంది. మూడో దాని కింద ఒక్కటే మాట: “లేరు.” చేతిలోని టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను. ఆ మూడు వాక్యాలూ నేను రాసినవి. ఆ ‘గల’లూ ‘కలదు’లూ కూడా నావే, ఇరవై మూడేళ్ళ వయసులో ఆఫీసు తెలుగంటే అలా ఉండాలని నాకొక నమ్మకం ఉండేది. పదేళ్ళ కిందటే అవి తప్పని ఒప్పుకుని, సంతకం పెట్టి, దిద్దించి, ఆ దిద్దుబాటు కోసం ఒక ఉద్యోగం కూడా వదులుకున్నాను. దిద్దిన కాగితం ఏ బీరువాలో ఉందో తెలియదు. దిద్దకముందుది మాత్రం ఎవరో ఎక్కడినుంచో తెచ్చి, లోకమంతా చదువుకునేలా పెట్టారు.

అప్పటి సంగతి చెప్పాలంటే ముందు నా ఉద్యోగం గురించి చెప్పాలి. మేము తెనాలి వైపు నుంచి వచ్చి సాగర్ రోడ్డు పక్కన స్థిరపడినవాళ్ళం. నాన్నది హార్డ్‌వేర్ దుకాణం. నేను సివిల్ డిప్లొమా చేసి ఒక చిన్న సర్వే సంస్థలో చేరాను. నగరం అన్ని వైపులా పొంగుతున్న రోజులు. ఔటర్ రింగు రోడ్డు వచ్చాక ఇబ్రహీంపట్నం వైపు ఎకరం ధర బాలాపూర్ లడ్డూ వేలంలాగా ఏటేటా పైకే పోయేది. ఎవరు ఎక్కడ లేఅవుట్ వేయాలన్నా, రోడ్డు తీయాలన్నా, ముందు చుట్టుపక్కల ఊళ్ళ వివరాలు కావాలి. అందుకు ఏడు పేజీల ఫారం ఒకటి ఉండేది. అది నింపడం నా పని. టేపు, నోటుబుక్కు, మూడు రంగుల పెన్నులు, మంచినీళ్ళ సీసా: సంచిలో ఈ నాలుగూ ఉంటే నాకు లోకంలో తెలియనిది లేదనిపించేది. మా సారు, అంటే సంస్థ యజమాని, చేరిన మొదటి రోజే నాకు ఉపదేశం చేశాడు. “బాబూ, నువ్వు ఊళ్ళు చూడక్కర్లేదు, గళ్ళు నింపు చాలు.” అది నాకు బాగా నచ్చింది. గడి అంటే నాకు ప్రాణం.

ఈ ఊరికి వెళ్ళేముందు ఆఫీసులో పాత రికార్డు నకలు చూశాను. అందులో ఊరి పేరు, దాని పక్కనే ‘బేచిరాగ్’ అని ఉంది. మా వైపు కొన్ని ఊళ్ళకు రెండు పేర్లు ఉంటాయి. ఇదీ అలాంటిదే అనుకున్నాను. పేరు కాస్త దర్జాగా ఉందని కూడా అనుకున్నాను. ఎవరినైనా అడిగి ఉంటే అరనిమిషంలో చెప్పేవారు. అడగలేదు. చరిత్ర అనే గడి నింపడానికి ఏమీ దొరకక బాధపడుతున్నవాడికి అది దొరికిన నిధిలా కనిపించింది.

ఊరి భౌగోళికం ఇది. ఇబ్రహీంపట్నం పెద్ద చెరువుకు నీళ్ళు మోసే వాగుల్లో ఒకదాని గట్టు మీద ముప్పై ఒక్క ఇళ్ళు. తూర్పున వాగు, పడమర రాళ్ళగుట్ట, ఉత్తరాన జొన్న చేలు, దక్షిణాన మట్టిరోడ్డు. ఫారంలో జలవనరుకు మూడే గళ్ళు ఉన్నాయి: నది, చెరువు, బావి. వాగుకు గడి లేదు. కాబట్టి నదికి టిక్కు పెట్టాను.

షేర్ ఆటో దిగి, మిగతాది నడిచి, పది నలభైకి ఊళ్ళోకి అడుగుపెట్టాను. రెండో ఇల్లు దాటేసరికి ఏదో తేడాగా ఉందని తెలిసింది. నాలుగో ఇంటి దగ్గర ఆగిపోయాను. చప్పుడు లేదు. మనిషి చప్పుడే కాదు, కోడి కూత లేదు, కుక్క అరుపు లేదు. ఎండ నిలువునా కాస్తోంది, నా చెప్పుల చప్పుడు గోడలకు తగిలి నాకే తిరిగి వస్తోంది. చీకట్లో భయపడడం నాకు తెలుసు గానీ, పట్టపగలు వీధి మధ్యలో నిలబడి వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం అదే మొదటిసారి. “ఎవరైనా ఉన్నారాండీ?” అని కేక వేశాను. ఎవరూ పలకలేదు. అప్పుడు భయపడే మనిషి ఏంచేస్తాడో అదే చేశాను. నోటుబుక్కు తీసి లెక్క మొదలుపెట్టాను. ఇళ్ళు ముప్పై ఒకటి. తాళం వేసినవి పంతొమ్మిది, గొళ్ళెం మాత్రమే పెట్టినవి పన్నెండు. బయటినుంచి కనిపించిన పొయ్యిలు తొమ్మిది, అన్నీ చల్లగా, బూడిద కూడా ఎత్తేసి ఉన్నాయి. పశువులు లేవు. కోళ్ళు లేవు. ఒక వాకిట్లో ముగ్గు కొత్తగా ఉంది. ఒక తీగ మీద చంటిపిల్ల గౌను ఆరుతోంది. ఆ రెండూ రాసుకోలేదు. ఫారంలో వాటికి గడి లేదు.

వాగు దాకా నడిచాను. అవతలి ఒడ్డున చెట్ల వెనక పొగ లేస్తోంది. దాన్ని మాత్రం రాసుకున్నాను: “ఎదుటి ఒడ్డున ఇటుక బట్టీ.” అటువైపు నుంచి ఎవరో గట్టిగా అరుస్తున్నట్టు కూడా వినిపించింది. పశువులను అదిలిస్తున్నారనుకున్నాను. తిరిగి వచ్చే ఆటో పన్నెండింటికి. గడియారం చూసుకుని, జనాభా గడిలో “లేరు” అని రాసి, పక్కన సమయం వేశాను: పదకొండూ ఇరవై. సంతకం పెట్టాను. ఆటోలో కూర్చున్నాక గుండె నెమ్మదించింది. సాయంత్రం మా అమ్మతో, పాడుబడ్డ ఊరొకటి చూసొచ్చానని గొప్పగా చెప్పాను.

మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం మా ఆఫీసు గుమ్మంలో ఇద్దరు నిలబడ్డారు. ఒకామెకు నలభై ఏళ్ళుంటాయి, చేతిలో ఖాళీ ఆకుకూరల గంప. ఆమె వెనక తెల్ల గడ్డం, గళ్ళ లుంగీ, భుజాన తువ్వాలుతో ఒక ముసలాయన. ఆమె నా ఫారం జిరాక్సు కాపీని నా బల్ల మీద పరిచింది.

“గీ దస్తకత్ నీదేనా తమ్మీ?”

“అవునండీ, నాదే.”

“మేం లేమంట గదా. లేనోళ్ళం వచ్చినం. జర కుర్సీ ఏస్తవా?”

కుర్చీలు వేశాను. ఆమె చెప్పుకుపోయింది. నాలుగు రోజుల కిందట జీపులో కొందరు వచ్చి ఊరి మధ్యలో తెల్లరాళ్ళు పాతారట. ఒకటి ఆమె కొట్టం ముందు, ఒకటి పీర్ల చావడి వాకిట్లో. ఇదేంటని అడిగితే ఈ కాగితం చూపించి, ఇక్కడ ఊరనేదే లేదు, ఇది ఖాళీ భూమి అన్నారట. కాగితం మీద మనుషులు లేని ఊరికి గ్రామకంఠం ఉండదు. అంటే ఇళ్ళు నిలబడ్డ నేల ఇళ్ళ నేలగా లెక్కకు రాదు. పాత రికార్డులో కూడా ఊళ్ళో మనుషులు లేరనే ఉందట, ఆ తప్పును తీయించమని ముసలాయన పదేళ్ళు తిరిగాడట. చివరికి ఎవరో వచ్చి లెక్క రాస్తారని చెప్పారట. ఆ వచ్చినవాణ్ణి నేను.

ముసలాయన అప్పటిదాకా నోరు విప్పలేదు. ఊరంతా ఆయన్ను చిచ్చా అంటుందని తర్వాత తెలిసింది; నేనూ అలాగే పిలిచాను. “నువ్వు రాసింది జర సదువు బేటా,” అన్నాడు. చదివాను. ‘బేచిరాగ్ అను మరో పేరు కూడా కలదు’ అనే దగ్గర ఆయన చెయ్యెత్తి ఆపాడు.

“చిరాగ్ అంటే ఎర్కేనా?”

“తెలీదండి.”

“దీపం. బే అంటే లేంది. మనిషి లేక దీపం ముట్టియ్యని ఊరికి సర్కారు రాసే మాట గది. పేరు గాదు.” ఆయన కోప్పడలేదు. నావైపు నమ్మలేనట్టు చూస్తూ ఉండిపోయాడు. “మాకు గా మాటనే పేరు జేసినవా?”

గంపతో వచ్చిన అక్క అందుకుంది. “సూడు చిచ్చా, ఫ్లెక్సీ మీద కీర్తిశేషులు అని రాస్తే గది ఇంటిపేరు అనుకునేటోడు ఈయన! గిసొంటోన్నా మన లెక్కకు తోలింది?” నాకు నవ్వు రాలేదు. చెవులు మాత్రం వేడెక్కాయి.

“కానీ అక్కా, నేను వచ్చాను. ప్రతి ఇల్లూ చూశాను. నిజంగా ఎవరూ లేరు,” అన్నాను. నోటుబుక్కు తీసి తేదీ చెప్పాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పకపకా నవ్వింది, నవ్వుతూనే ఉండి, చటుక్కున ఆపేసింది.

“ఏడాదిల మూడొందల అరవై నాలుగు దినాలు మేం గాడ్నే పడి సస్తం. నీకు గా ఒక్క దినమే దొరికిందా?”

ఆ రోజు వాళ్ళకు ఊరిడిచే దినం. ఎప్పుడో గత్తర, అంటే కలరా, వచ్చి ఇంటికొకరు పోతుంటే, మిగిలినవాళ్ళు పొయ్యిలూ దీపాలూ ఆర్పి, గొడ్డూ గోదా, కోడీ కుక్కతో సహా వాగు దాటి, అవతలే ఉండి, పొద్దుగూకాక తిరిగి వచ్చారట. రోగం ఆగింది. అప్పటినుంచి ఏడాదికి ఒకసారి, తెల్లవారకముందే ఊరు ఊరంతా నిప్పు ఆర్పి వాగు దాటుతుంది. పొద్దుండగా వెనక్కి దాటకూడదు. సాయంత్రం అందరికంటే ముందు చిచ్చా ఇంటివాళ్ళు వచ్చి పీర్ల చావడిలో దీపం ముట్టిస్తారు. ప్రతి ఇంటివాళ్ళూ ఆ దీపం నుంచే తమ పొయ్యికి నిప్పు తీసుకుపోతారు. ఈ పని వాళ్ళ ముత్తాతల నుంచి వాళ్ళదే. అంటే, ఆ ఊరు నిజంగా దీపం లేకుండా ఉండే ఒకే ఒక్క పగలు, దీపం లేని ఊరు అవునో కాదో తేల్చడానికి నేను వెళ్ళాను.

“మరి అవతల పొగ?” అన్నాను.

“మేం బువ్వ వండుకున్నం తమ్మీ. ఇటుకలు కాదు.”

మర్నాడే వెళ్ళాను. ఈసారి ఏ ఇంటి ముందూ పెన్ను తీయకుండానే జనం చుట్టూ చేరారు. అక్క నా పక్కనే నడుస్తూ, ప్రతి గుమ్మం దగ్గరా గట్టిగా పరిచయం చేసేది: “గీన్నే, మనల్ని లేరని రాసినాయన. ముట్టుకొని సూపియ్యుండ్రి, నమ్ముతడు.” నదిని కూడా వదల్లేదు. “నది అంట! గా నదిల మా బర్రె మోకాళ్ళు తడుస్తలేవు. పుష్కరాలు గూడ పెడ్తవా?” ముప్పై ఒక్క ఇళ్ళలో నూట ముప్పై ఎనిమిది మంది. ఒక్కొక్కరి పేరు, వయసు, పని రాశాను. కూరగాయలు పండించేవాళ్ళు, మేకలు కాసేవాళ్ళు, పట్నంలో సెంట్రింగు పనికి పోయేవాళ్ళు, దూది ఏకే ఇల్లొకటి, పాలు పోసే ఇళ్ళు మూడు. కొత్త ముగ్గు వేసిన ఇల్లు ఎవరిదో తెలిసింది. తీగ మీది గౌను వేసుకున్న పిల్ల పెన్ను లాక్కుని నా చొక్కా మీద గీత గీసింది.

లెక్క పూర్తయ్యేసరికి పొద్దు వాలింది. చిచ్చా నన్ను వాగు గట్టుకు తీసుకెళ్ళాడు. రాయి మీద కూర్చుని, నీళ్ళకేసి చూస్తూ చెప్పాడు. ఆ పాత మాట ఎలా పడిందో ఆయనకు వాళ్ళ తాత చెప్పాడట. నిజాం కాలంలో ఒక గిర్దావరు, అంటే భూముల లెక్కలు చూసే అధికారి, గుర్రం మీద వచ్చాడు. సరిగ్గా ఊరిడిచిన దినమే. తాత అవతలి ఒడ్డు నుంచి చూశాడు. నియమం పక్కనపెట్టి, లాంతరు ముట్టించుకుని, మిట్టమధ్యాహ్నం ఆ లాంతరు ఎత్తిపట్టుకుని వాగు దాటి గుర్రం వెనక పరిగెత్తాడు. “చిరాగ్ హై సాబ్, చిరాగ్ హై!” అని అరుచుకుంటూ. గిర్దావరు వెనక్కి తిరిగి చూశాడు. ఎండలో లాంతరు పట్టుకుని వస్తున్న మనిషి ఆయనకు పిచ్చివాడిలా కనిపించాడు. గుర్రాన్ని దౌడు తీయించాడు.

ఒకే తప్పు, అదే ఊరు, అదే పగలు, రెండుసార్లు. మొదటివాడి దగ్గర గుర్రం ఉంది, నా దగ్గర మూడు రంగుల పెన్నులు ఉన్నాయి.

“నిన్ను గూడ సూసినం బేటా,” అన్నాడు చిచ్చా. “సంచి, టేపు సూసి లెక్కకొచ్చినోడే అనుకున్న. పిలిచిన. నీకు ఇనరాలేదు. గీ అక్క దాటు దాటు అని మొత్తుకుంది. మోకాటిదాంక దిగిన. గాడ్నే నిలబడ్డ. పొద్దుగూకకముందు దాటొద్దని నిలబడ్డ. మా తాత దాటిండు. నేను దాటలె.”

నేను విన్నాననీ, పశువులను అదిలిస్తున్నారనుకున్నాననీ ఆయనకు చెప్పాను. ఆయన తల ఊపాడు. లేచి వచ్చేటప్పటికి చావడిలో దీపం వెలిగించే వేళయింది.

మా సారు కొత్త ఫారం చేతిలోకి కూడా తీసుకోలేదు. “నువ్వు తప్పు రాశావంటే సంస్థ తప్పు రాసినట్టు. నువ్వు సంస్థలో లేకపోతే నీ తప్పు నీది. తేల్చుకో,” అన్నాడు. రెండు రోజులు తేల్చుకోలేదు. అన్నం సయించలేదు. నాన్న దుకాణం అప్పటికే అంతంతమాత్రం, నా జీతం మీదే ఇంటి వాయిదా నడుస్తోంది. మూడో రోజు పొద్దున పెన్ను తీసుకుంటే, వాగులో మోకాళ్ళదాకా దిగి నిలబడ్డ మనిషి కళ్ళముందు నిలిచాడు. రాజీనామా ఒక కాగితం మీదా, తప్పొప్పుకోలు ఇంకో కాగితం మీదా రాశాను. రెండోదానిలో నది కొట్టేసి వాగు అని రాశాను, బేచిరాగ్ అనేది పేరు కాదని రాశాను, నూట ముప్పై ఎనిమిది పేర్లూ జతచేశాను. కారణం అన్నచోట “నేను వెళ్ళిన దినమున గ్రామము గ్రామములో లేదు” అని రాశాను. అంతకంటే కచ్చితమైన వాక్యం నేను ఇప్పటికీ రాయలేదు. ఉద్యోగం ఎందుకు పోయిందిరా అని అడిగితే మా అమ్మకూ అదే చెప్పాను. ఆమె నుదురు పట్టి చూసింది, జ్వరమేమోనని.

ఆ కాగితం పట్టుకుని చిచ్చా, అక్క, నేను ఎనిమిది నెలలు తిరిగాం. చివరికి మళ్ళీ కొలిచారు, ఊరికి గ్రామకంఠం రాశారు. పాతిన రాళ్ళు వచ్చి తీసుకుపొమ్మంటే ఎవరూ రాలేదు. అక్క తన కొట్టం ముందు రాయికి బర్రెను కట్టేసుకుంది. ఆ ఏడాది ఊరిడిచే దినం వచ్చేముందు చిచ్చా ఊరివాళ్ళను కూర్చోబెట్టి ఒక మాట చెప్పాడట. “గత్తర ఒక్కపారి వచ్చింది. లెక్కలోళ్ళు మల్ల మల్ల వస్తరు. ఒక మనిషి ఊర్ల ఉండాలె.” పెద్దవాళ్ళు కొందరు ఒప్పుకోలేదు. నిప్పు ముట్టించేది తనే గనక తప్పేమన్నా ఉంటే తన మీదనే పడుతుంది అని ఆయనే ఉన్నాడు. అప్పటినుంచి ఏటా ఆ ఒక్క పగలు, ఊరి మొదట్లో కుర్చీ వేసుకుని, పక్కన లాంతరు వెలిగించుకుని ఆయన కూర్చునేవాడు.

ఆదివారం ఆ పేజీ చూశాక అక్కకు ఫోన్ చేశాను. చాలా రోజులైంది. విషయం చెప్పి, సిగ్గుపడుతూ చదివి వినిపించాను. అటువైపు నుంచి అదే నవ్వు.

“ఇంక లేమా మేము? పదేండ్లాయె గదరా!”

“రాసి తీయిస్తానక్కా. చిచ్చాకు చెప్పకు, బాధపడతాడు.”

“చిచ్చా లేడు తమ్మీ. పోయిన చలికాలంల పోయిండు.” ‘లేరు’ అనే ఆ ఒక్క మాటను ఆ ఊరి గురించి ఒకసారి తప్పుగా రాశాను, ఇప్పుడది నిజంగా రాయాల్సి వస్తే ఏ గడిలో రాయాలో తెలియలేదు. “శుక్రారం మా ఊరిడిచే దినం,” అంది ఆమె. “లాంతరు కాడ ఎవరు కూసోవాలె అని లొల్లి నడుస్తుంది. ఊరోళ్ళు ఉంటే తప్పయితదంట. నువ్వు ఊరోనివి గాదు గదా. నువ్వు రా.”

వెళ్ళాను. అవతలి ఒడ్డు నిండా ఇప్పుడు ఒకే రంగు విల్లాలు. కంచెకూ వాగుకూ మధ్య మిగిలిన సన్నటి జాగాలోనే పొయ్యిలు పెట్టుకున్నారు. కంచె లోపలినుంచి వాచ్‌మెన్ ఏమిటీ సంత అన్నట్టు చూస్తున్నాడు. ఇవతల ఇళ్ళు నలభై ఆరు అయ్యాయి. అన్నీ మూసి ఉన్నాయి. చప్పుడు లేదు. పదేళ్ళ కిందట నా వెంట్రుకలు నిక్కబొడుచుకున్న అదే వీధి మొదట్లో ప్లాస్టిక్ కుర్చీ, దాని పక్కన చిచ్చా లాంతరు. ఇప్పుడు లెక్కపెట్టేవాళ్ళు నడిచి రారనీ, పైనుంచి ఫోటోలు తీస్తారనీ అక్క ఎక్కడో విన్నదట. అందుకని లాంతరు అరుగు మీద కాకుండా ఆరుబయట పెట్టమంది. ఎండలో దాని వెలుగు నాకే కనిపించడం లేదు. చెయ్యి దగ్గర పెడితే వేడి మాత్రం తగులుతోంది.

అలవాటు కొద్దీ నోటుబుక్కు తీశాను. సమయం చూస్తే పదకొండూ ఇరవై. ఇళ్ళు నలభై ఆరు, మూసినవి నలభై ఆరు. ఎదుటి ఒడ్డున పొగ, అన్నం పొయ్యిలు. దీపం ఒకటి. జనాభా అన్నచోట పెన్ను ఆగింది. “ఒకరు” అని రాసి, పక్కనే “పొద్దుగూకే వరకు” అని రాశాను. ఎవరు ఏ ఊరికి ఏ లెక్క రాసినా, దాని గడువు అంతే ఉంటుందనుకుంటాను.